మాన్యం మీద సత్రం, మంజూరు మీద షెల్టర్

ఇల్లు లేని మనిషికి రాత్రి చోటివ్వడానికి మన దగ్గర ఇప్పుడున్నది మునిసిపాలిటీ షెల్టర్. బస్టాండు పక్కనో పెద్దాసుపత్రి వెనకో ఉంటుంది. దాని కష్టం అర్థం కావాలంటే పాత సత్రం జమాఖర్చుల పక్కన పెట్టి చూడాలి.

సత్రం కట్టించిన దాత గోడలు లేపి ఊరుకునేవాడు కాడు. దాని పేర నాలుగెకరాల మాన్యం రాసేవాడు. గింజలు వస్తే వంటింటికి, కౌలు వస్తే వంటమనిషి జీతానికి. దాత పోయినా పొయ్యి ఆరేది కాదు. ఆ మాన్యాల్లో చాలావాటిని తర్వాతివాళ్లు మింగేశారు. అయినా రేపటి ఖర్చుకు ఇవాళే దారి చూపించిన ఆ పద్ధతి గొప్పది.

షెల్టర్‌కు ఆ దారి లేదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మంచి కొలతలే పెట్టింది: లక్ష జనాభాకు 100 మందికి సరిపడా శాశ్వత వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు, మూడు షిఫ్టుల్లో కేర్‌టేకర్లు. నిర్వహణకు మాత్రం 50 మంది ఉండే షెల్టర్‌కు ఏడాదికి 6 లక్షలే ఇస్తామంది, అదీ అయిదేళ్ల వరకే. లెక్క కడితే తలకు రోజుకు 33 రూపాయలు. జీతాలు, కరెంటు, ఫినాయిల్, పాడైన మోటారు, చిరిగిన పరుపు అన్నీ అందులోంచే రావాల్సి వచ్చేది. ఆ గ్రాంటు ఆలస్యమైతే ముందు ఆగేది కేర్‌టేకర్ జీతం. రాత్రి రెండింటికి జ్వరంతో మూలుగుతున్న ముసలాయన్ని ఆటో ఎక్కించాల్సింది ఆ మనిషే. షెల్టర్ల పని ఎందుకు నత్తనడక నడుస్తోందో, నిధులు ఏమవుతున్నాయో తేల్చమని 2016లో సుప్రీంకోర్టే జస్టిస్ కైలాశ్ గంభీర్ నాయకత్వంలో ఒక కమిటీ వేయాల్సి వచ్చింది.

అలాగని సత్రాన్ని నెత్తిన పెట్టుకోలేను. శ్రీశైలం వెళ్లినవాళ్లకు తెలుసు, ఏ కులం సత్రం ఆ కులానిదే. పైగా అది తిరిగి వెళ్లడానికి ఇల్లున్న బాటసారి కోసం పుట్టింది. రెండు మూడు రోజులు దాటితే మూట సర్దుకోవాల్సిందే. వెళ్లడానికి చోటే లేనివాణ్ణి కులం అడగకుండా రానివ్వాలన్నది షెల్టర్ ఆలోచన. ఈ విషయంలో సత్రం దానికి సాటి రాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు మాత్రం వేళ చూడకుండా, మనిషెవరని చూడకుండా అన్నం పెట్టారు. 1909లో ఆవిడ పోయారు. అలాంటి చెయ్యి ప్రతి ఊరికీ దొరకదు.

దాతలు ఇప్పుడూ ఉన్నారు. డిసెంబరు చలికి దుప్పట్లు గుట్టలుగా వస్తాయి, పుట్టినరోజులకు పులిహోర వస్తుంది. ఏప్రిల్ నెల కేర్‌టేకర్ జీతం నేనిస్తానని వచ్చేవాళ్లే అరుదు. నాకు బాధ కలిగించేది అదే.

మునిసిపాలిటీలకు షాపింగ్ కాంప్లెక్సులు ఉన్నాయి, వాటికి నెలనెలా అద్దెలు వస్తాయి. ప్రతి షెల్టర్‌కూ అందులో రెండు గదుల అద్దె రాసిస్తే, దాన్ని ఇంకే ఖర్చుకూ ముట్టుకోకూడదని కౌన్సిల్ తీర్మానం చేస్తే, అది ఈ కాలపు మాన్యం అవుతుంది. అప్పుడు దుప్పటి ఇచ్చే దాతను షెల్టర్ పేర ఒక బ్యాంకు డిపాజిట్ కూడా వేయమని అడగొచ్చు.