నిలిచి చెప్పిన భారతము

సంఘమును ప్రశ్నించు కవిత్వ మనగానే మన విమర్శకులు ముందుగా మాటలను వెదకుదురు. కవి ఏమి చెప్పెను? ఎవరిని నిందించెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకినచో తీర్పు సిద్ధమగును. ఈ కొలత చాలదని ఛత్తీస్‌గఢ్ పండవానీ గాయని తీజన్ బాయి జీవితము చూపుచున్నది. రాయపూరులోని గుఢియారీ వంటి పేటలలో కాపురమున్న తెలుగువారికి పండవానీ పొరుగింటి విద్య. బుర్రకథ వినిన చెవికి అది పరాయిది కానేరదు.

ఆమె 1956లో భిలాయి సమీపమున గనియారీ గ్రామములో, పార్ధీ కుటుంబమున జన్మించెను. సబల సింహ చౌహాన్ రచించిన హిందీ భారతమును మాతామహుడు గానము చేయుచుండగా విని, చదువు లేకయే కంఠస్థ మొనర్చుకొనెను. పండవానీలో రెండు మార్గములు కలవు. వేదమతి కూర్చుండి పాడునది. కాపాలిక నిలిచి, నడచి, అభినయించి చెప్పునది. స్త్రీలకు మొదటిదే తగునని ఆచారము. తీజన్ రెండవదానిని చేపట్టెను. ఆడుది పండవానీ పాడుటయే తప్పని కులమువారు ఆమెను వెలివేసిరి. గుడిసె వేసికొని ఒంటరిగా బ్రతికెను గాని పాట మానలేదు. పదుమూడవ యేట చంద్రఖురీ గ్రామములో పది రూపాయలకు తొలి ప్రదర్శన మిచ్చెను. తరువాతి కాలమున నాటకకర్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించెను.

ఆమె కథలో సంస్కరణోపన్యాసము లేదు. ద్రౌపదీ వస్త్రాపహరణము, దుశ్శాసన వధ, భీష్మార్జున యుద్ధము, అన్నియు తాతలనాటివే. ఐనను చేతిలోని తంబురా ఒకమారు భీముని గదయు, ఒకమారు అర్జునుని విల్లును అగునపుడు, దానిని పట్టినది స్త్రీ హస్తమను సంగతిని ప్రేక్షకుడు మరువజాలడు. ద్రౌపది మొరను, దుశ్శాసనుని గర్జనను, భీముని ప్రతిజ్ఞను ఒకే కంఠము పలుకును. వెలికి గురియైన స్త్రీ, నిండుసభలో అవమానితయైన స్త్రీ కథను నిలిచి చెప్పుచున్నది. కథ మారలేదు, దాని అర్థము మారినది.

1940ల దశకమున ప్రజానాట్యమండలి పక్షమున మోటూరి ఉదయం మొదలగు స్త్రీలు బుర్రకథ దళముగా వేదిక నెక్కిరి. అచట పాత కళారూపమున క్రొత్త విషయము ప్రవేశించినది. ఇచట పాత విషయమే, స్త్రీకి నిషిద్ధమైన భంగిమలో నిలిచినది. రెండును తిరుగుబాటులే.

దూరదేశపు ఉదాహరణ మొకటి చూతము. బ్రిటనులో ర్యాప్ గాయనులు తాళమునకు కట్టుబడి, పాటకును పలుకునకును నడుమ నడచు వాక్కుతో తమ సంఘమును నిలదీయుచున్నారు. వారిలో మిస్ డైనమైట్ 2002లోను, లిటిల్ సిమ్జ్ 2022లోను మెర్క్యురీ బహుమతి నందిరి. వారు తమ మాటలను తామే కట్టుదురు. ‘నేను’ అను పదము వారి ఆయుధము. తీజన్ ‘నేను’ ద్రౌపది చాటున నున్నది. అంతమాత్రమున అది బలహీనము కాదు; వినువాడు దానిని తానే కనుగొనవలసి వచ్చును.

1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 2003లో పద్మభూషణ్, 2018లో జపానునుండి ఫుకువోకా బహుమతి, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించినవి. ఐనను ప్రశంసలలో ‘నిరక్షరాస్య’ అను మాట మాటిమాటికి వినవచ్చును. ఇది మన్నన రూపమున నున్న చిన్నచూపు. అక్షరము రాకపోవుట వేరు, సాహిత్యము లేకపోవుట వేరు. ఆమె ఏ ఘట్టమును పెంచెను, ఎచట పాట విడిచి మాట పట్టెను, ప్రక్కన ఊకొట్టు ‘రాగీ’ ప్రశ్నతో కథ నెట్లు మలుపు త్రిప్పెను అని పరిశీలింపని పొగడ్త విమర్శ కాదు. తిక్కన నాటకీయతను వేనోళ్ల కొనియాడు మనము, పొరుగునాట భారతమునే నాటకముగా నిలిపిన ఈ గొంతును అంతటి శ్రద్ధతో వినవలసి యున్నది. విన్న పిమ్మట మన గ్రామసీమల కథకురాండ్రను గూర్చి మన సాహిత్య చరిత్రలు వ్రాసినది ఎంత స్వల్పమో మనకే తెలియును.