ఇప్పచెట్టు కింద అత్తరు లెక్క

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటే 163వ జాతీయ రహదారి భోపాలపట్నంలో ముగుస్తుంది. అది బీజాపూర్ జిల్లా. 2007లో దంతెవాడ నుంచి విడదీసి ఏర్పాటు చేశారు. రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ అయినా ఈ అంచున తెలుగు పరాయి భాష కాదు. మిరప కోతల కాలంలో ఇక్కడి కూలీలు ములుగు, ఖమ్మం చేలకు వస్తారు, మళ్ళీ ఇప్పపువ్వు వేళకు ఊరు చేరాలని చూస్తారు. మార్చిలో ఈ దారిన పోయే బస్సు కిటికీ తెరిస్తే ఆ తొందర ఎందుకో ముక్కుకే తెలుస్తుంది.

అడవి నిండా తినే కాయలూ పండ్లే. తునికి, మొర్రి, చింత, నేరేడు. ఇంత వాసన ఉన్న చోట ఒక్క పండైనా అత్తరు సీసాలోకి ఎందుకు ఎక్కలేదని పట్నంవాడికి అనుమానం రావడం సహజం. జవాబు సుగంధ పరిశ్రమలోనే ఉంది. పండు గుజ్జు అత్తరుకు లొంగదు. అందులో ఉన్నది చాలావరకు నీళ్ళూ చక్కెరే. వాసననిచ్చే పదార్థాలు లేశమంతే ఉంటాయి, అవీ ఆవిరి తగలగానే చెడతాయి. మామిడిపండును బట్టీలో పెడితే వచ్చేది మామిడి పరిమళం కాదు, ఉడికిన జాము వాసన.

అందుకే పెద్ద పెద్ద అత్తరు సంస్థలు పండును పిండడం మానేసి పండు భ్రమను కట్టడం నేర్చుకున్నాయి. 1919లో జాక్ గెర్లెన్ చేసిన ‘మిత్సుకో’లోని పీచ్ పండు వాసన గామా అన్‌డెకాలాక్టోన్ అనే రసాయనానిది. వ్యాపారంలో దాన్ని ‘ఆల్డిహైడ్ సి-14’ అంటారు. నిజానికి అది ఆల్డిహైడూ కాదు, అందులో పద్నాలుగు కర్బన పరమాణువులూ లేవు, పదకొండే. 2005లో ఎర్మెస్ సంస్థ కోసం జాన్-క్లోద్ ఎలెనా నైలు తీరపు పచ్చిమామిడి వాసనతో ఒక అత్తరు కూర్చాడు. మామిడికాయను పిండి కాదు, వేరే సరుకులతో. ఆవకాయ పెట్టే ఇళ్ళకు ఈ సంగతి కొంచెం అవమానంగానే తోస్తుంది.

నిజంగా లొంగేవి తొక్క, గింజ, ఎండిన కాయ. ఇటలీలో కలాబ్రియా తీరాన పండే బెర్గమాట్ నిమ్మజాతి కాయ. పుల్లగా, చేదుగా ఉంటుంది కాబట్టి దాన్ని పండుగా తినేవాళ్ళు తక్కువ, తొక్క కోసమే పెంచుతారు. వంద కాయల తొక్క పిండితే దాదాపు 85 గ్రాముల నూనె వస్తుంది. 1709లో కొలోన్ నగరంలో ఫరీనా దుకాణం మొదలుపెట్టిన కొలోన్ నీళ్ళకు ఇదే ప్రాణం. మనవైపు చూస్తే కస్తూరి బెండ ఉంది. బెండకాయకు దాయాదే. కాయ ఎండి పగిలాక రాలే గింజల పైపొరలో కస్తూరిని తలపించే వాసన. ఆ వాసనకు మూలమైన ఆంబ్రెట్టోలైడ్‌ను 1927లో కెర్ష్‌బౌమ్ అనే జర్మన్ రసాయనవేత్త గుర్తించాడు. కస్తూరి మృగాన్ని చంపకుండానే కస్తూరి దొరికే దారుల్లో అదొకటి.

మరి ఇప్ప? పేరుకు పువ్వే గానీ తీరంతా పండుదే. రాత్రి విచ్చి తెల్లవారేసరికి కండగల, తియ్యటి, మీగడరంగు పూరేకుల గుత్తి చెట్టు కింద రాలి ఉంటుంది. గబ్బిలాలు తిన్నవి తినగా మిగిలినవి ఆడవాళ్ళూ పిల్లలూ బుట్టల్లో ఏరుతారు. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. అసలు కాయ వానలు పడేవేళకు గానీ పండదు. దాని పలుకుల్లోంచి వచ్చే నూనె వంటకీ, దీపానికీ, సబ్బుకీ. వాసన సొమ్మంతా పువ్వు దగ్గరే.

ఆ సొమ్ము గుట్టు విప్పినవాళ్ళలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి ముఖ్యుడు. ఆయనకు పులులంటే ఇష్టం. పులి తన హద్దు చాటుకోవడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలో మంచి బియ్యపు వాసన వస్తుందని గమనించి, సహచరులతో కలిసి 1990లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. కారణం 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థం. బాస్మతి అన్నం ఘుమఘుమకు ఇదే మూలమని అమెరికా శాస్త్రవేత్త బటరీ బృందం 1980ల మొదట్లోనే తేల్చింది. 1996లో బ్రహ్మచారి మరో సహచరుడితో కలిసి ఇప్పపువ్వులోనూ అదే ఉందని రాశాడు. బియ్యం, పులి, ఇప్ప, మూడింటికీ ఒకే వాసన చుట్టరికం! 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న ఇంద్రావతి అభయారణ్యం ఈ బీజాపూర్ జిల్లాలోనే ఉందంటే, చుట్టాలందరూ ఒకే ఊళ్ళో కాపురమున్నట్టే.

ఇక్కడే అత్తరు కల చెదురుతుంది. ఈ పదార్థం ముక్కుకు ఎంత సూక్ష్మంగా అందుతుందంటే, వందకోట్ల పాళ్ళ నీటిలో పదోవంతు పాలు ఉన్నా మనిషి పసిగడతాడు. అయితే విడదీసి ఉంచితే నిలవదు. మామూలు గది వేడికే రంగు మారి చెడిపోతుంది. ఆహార పరిశ్రమ కూడా దీన్ని కట్టేయలేక తంటాలు పడుతోంది.

ఇప్ప అత్తరు కాకపోయింది పనితనం లేక కాదు. కన్నౌజ్‌లో అత్తరు తీసే పద్ధతి చూసినవాళ్ళు బీజాపూర్ ఉన్న ఈ బస్తర్ ప్రాంతపు ఇంటి పెరట్లో సారా కాచడం చూస్తే ఆశ్చర్యపోరు. అక్కడ డేగ్ అనే రాగి పాత్రలో పూలూ నీళ్ళూ పోసి, మూతను బంకమట్టితో బిగించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని నీటితొట్టిలో మునిగిన భప్కా అనే పాత్రలోకి పంపుతారు. ఇక్కడ నానబెట్టి పులియబెట్టిన ఎండుపువ్వు కుండలో ఉంటుంది. సందుల్ని మట్టితోనో గుడ్డతోనో మూస్తారు. ఆవిరికి చల్లదనం చూపిస్తారు. మంట ఎక్కువైతే రెండుచోట్లా సరుకు మాడువాసన కొడుతుంది. పెద్ద తేడా ఒకటి. కన్నౌజ్ భప్కాలో గంధపునూనె ముందే ఎదురుచూస్తూ పరిమళాన్ని పట్టేసుకుంటుంది. గంధం ధర మండిపోయాక పారఫిన్ నూనె వాడేవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ. బస్తర్ కుండలో పట్టుకునే నూనె లేదు. పైగా పులియబెట్టిన పువ్వుకు చెట్టు కింది తాజా వాసన ఎప్పుడో పోయింది. సారా కంపులో బాస్మతిని వెతకడం దండగ.

ఇప్ప పేరుతో లేబుల్ అంటించి, లోపల రసాయనం పోసి ‘అడవి అత్తరు’ అని అమ్మితే కొనేవాళ్ళుంటారు. ఏరినవాళ్ళకు మాత్రం పైసా రాదు. వాళ్ళ లెక్క కిలోల్లో ఉంటుంది. ఎండుపువ్వుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 17 రూపాయలుండగా, 2020 మేలో 30 అయింది. ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేసి ఏరిన పువ్వుకు మసి, మట్టి అంటుతాయి. చెట్టు కింద వల కట్టి పట్టిన పువ్వు తినే సరుకవుతుంది. తెలంగాణలోని ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నది అలాంటి శుభ్రమైన పువ్వు విలువ తెలిసే. బీజాపూర్‌కు పనికొచ్చే పాఠం ఉట్నూరులో ఉంది, కన్నౌజ్‌లో కాదు. 2021 జులైలో ఛత్తీస్‌గఢ్‌లోనే ఉన్న కోర్బా అడవుల నుంచి ఎండు ఇప్పపువ్వు ఓడలో ఫ్రాన్స్‌కు వెళ్ళింది. అత్తర్ల దేశానికే వెళ్ళింది గానీ అత్తరు కోసం కాదు. మద్యానికీ, పానకానికీ, మందులకూ.