వేలు ఎత్తేదాకా

ఫోన్‌లో ఏదైనా బటన్ మీద వేలు ఆనించి తీయకుండా అలాగే ఉంచండి. బటన్ రంగు కాస్త ముదురుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. వేలు ఎత్తకుండానే బటన్ దాటేదాకా పక్కకి జరపండి. ముదిరిన రంగు వెలిసిపోతుంది. అక్కడ వేలు తీసేసినా డబ్బు కదలదు, మెసేజ్ పోదు. చదరంగంలో పావును ముట్టుకుంటే కదపాల్సిందే. ఇక్కడ ముట్టుకోవడానికి లెక్క లేదు, లెక్కంతా ఎత్తడానికే.

యాప్‌లు రాసే పనిలో ఉండి కూడా చాలాకాలం నేనిది పట్టించుకోలేదు. ‘సెట్ ఆన్ క్లిక్ లిజనర్’ అని ఒక లైను రాసి, నొక్కితే ఏం చేయాలో చెప్పేస్తే పనైపోయిందనుకునేవాణ్ణి. ఆ లైను వెనక ఎంత చాకిరీ ఉందో ఆండ్రాయిడ్ సోర్సు కోడ్ చదివాక తెలిసింది. గూగుల్ దాన్ని అందరికీ తెరిచే పెట్టింది. అందులో ‘వ్యూ కాన్ఫిగరేషన్’ అని ఒక ఫైలుంది. చూడ్డానికి ఉత్త అంకెల పట్టిక, కానీ మనిషి వేలిని ఇంత ఓపిగ్గా గమనించి రాసిన పట్టికను నేనింకోటి చూడలేదు.

పైకీ కిందకీ జరిగే జాబితాలో ఒక బటన్ ఉందనుకోండి. దాని మీద వేలు పడింది. నొక్కడానికా, జాబితాని పైకి తోయడానికా? ఫోన్‌కి తెలీదు. అందుకని 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు, తొందరపడకుండా ఆగుతుంది. ఈలోగా వేలు 8 డీపీ దాటి జరిగితే, ఇది తోయడమే అని తేల్చుకుని బటన్‌ని వదిలేస్తుంది. డీపీ అన్నది ఆండ్రాయిడ్ తెర కొలత, 8 డీపీ అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఏ వేలూ రాయిలా నిలవదు కాబట్టి ఆ మాత్రం వణుకుని క్షమించేస్తుంది. ఈ ఆగడమే లేకపోతే జాబితా తోసిన ప్రతిసారీ వేలి కింది బటన్లు మిణుకుమంటూ ఉండేవి.

మరి టక్కున తట్టి వదిలేసేవాళ్ల మాటేమిటి? ఆ 100 మిల్లీసెకన్లు గడవకముందే వాళ్ల వేలు లేచిపోతుంది. నొక్కినట్టు చూపించే వ్యవధే దొరకదు. అప్పుడు ఆండ్రాయిడ్ చేసే పని నాకు మహా ఇష్టం. వేలు వెళ్లిపోయాక, 64 మిల్లీసెకన్లపాటు బటన్ నొక్కుడు పడినట్టు నటిస్తుంది. సెకనుకి 60 సార్లు మారే తెర మీద అది నాలుగు బొమ్మలంత సేపు. జరిగిపోయిన నొక్కుడుని తర్వాత ఆడి చూపిస్తుందన్నమాట. అబద్ధమే, కానీ ‘పడిందా, పడలేదా’ అని మనం మళ్లీ మళ్లీ పొడవకుండా కాపాడే అబద్ధం.

ఇంకోటి ఉంది. వేలు ఎత్తగానే మనం రాసిన కోడ్‌ని ఆండ్రాయిడ్ నేరుగా పిలవదు, వరసలో నిలబెడుతుంది. ముందు బటన్ తన రూపం సర్దుకోవాలి, ఆ తర్వాతే మన పని. ఎందుకిలా చేశారో ఎవరో పుణ్యాత్ముడు అక్కడే రెండు ముక్కల్లో రాసి పెట్టాడు కూడా. మన కోడ్ ఎంత మందకొడిదైనా, ముందు బటన్ రూపు సర్దుకునే అవకాశం దక్కాలని.

ఆపిల్ వాళ్ల దారి వేరు, గుణం అదే. ఐఫోన్‌లో ఈ సంఘటన పేరే ‘టచ్ అప్ ఇన్‌సైడ్’. లోపల ఉండగా వేలు లేచింది అని. అయితే ఆ ‘లోపల’ అన్నది కంటికి కనిపించే గీత కాదు. నొక్కిన వేలు బటన్ దాటి దాదాపు 70 పాయింట్ల (పాయింటు ఆపిల్ వాళ్ల తెర కొలత) దూరం జారినా ఐఫోన్ దాన్ని లోపలే అనుకుంటుంది. ఇంకా దూరం పోతే వదిలేస్తుంది, వెనక్కి తెస్తే మళ్లీ అందుకుంటుంది. కనీసం 44 పాయింట్ల చదరం ఉండాలని ఆపిల్, 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, ఉండాలని గూగుల్ చెప్పేది కూడా వేలికి అందే జాగా గురించే. గీసిన బొమ్మ అంతకన్నా చిన్నదైనా ఫర్వాలేదు. కంటికి ఒక బటన్, వేలికి ఇంకో బటన్.

ఎత్తినప్పుడే లెక్క అన్న పద్ధతి ఫోన్లతో పుట్టింది కాదు. 1984 నాటి మెకింతోష్‌లోనూ మౌస్ వదిలితేనే పని జరిగేది. అంతకుముందు లీసా కంప్యూటర్‌కి బటన్ మీద ‘డూ ఇట్’ అని రాశారట. పరీక్షకు వచ్చిన ఒకాయన దాన్ని ‘డోల్ట్’ అని చదువుకుని, నన్ను మొద్దు అంటుందేమిటని నొచ్చుకున్నాడని ఆపిల్ పాతకాపులు చెప్పుకునే కథ. అది ‘ఓకే’గా మారిందలా. పద్ధతి పాతదే కానీ, మౌస్ బాణం కింద బటన్ కనిపిస్తూనే ఉంటుంది. వేలి కింద కనిపించదు. బటన్ రూపాన్ని దిద్దడంలో అసలు చిక్కు అక్కడే. రంగు మార్చినా చూసేదెవరు? అందుకే 2007లో మొదటి ఐఫోన్ కీబోర్డు మీద అక్షరం వేలికి పైన ఉబికి కనిపించింది. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ తెచ్చినప్పుడు అల పుట్టింది. వేలు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడ మొదలై, నీళ్లలో చింతగింజ పడ్డట్టు అంచులదాకా పాకే రంగు. సోకు అనుకుంటారు చాలామంది. వేలి చాటు నుంచి సమాధానం బయటికి రావడానికి అదొక దారి.

2013లో ఐఓఎస్ 7 వచ్చి బటన్ల గట్లన్నీ కొట్టేసి నీలం మాటలు మాత్రం మిగిల్చినప్పుడు నాకు నచ్చలేదు. ఏది బటనో, ఏది ఉత్త మాటో తెలియలేదు. మరుసటి ఏడాది 7.1లో, కావాలనుకున్నవాళ్లు బటన్‌కి ఆకారం తెచ్చుకునే సెట్టింగు పెట్టారు.

పాతకాలపు ఆండ్రాయిడ్ పనితనంలో ‘నైన్ ప్యాచ్’ బొమ్మ నాకు ముచ్చట. బొమ్మ చుట్టూ ఒక్క పిక్సెల్ మందాన నల్లగీతలు గీస్తాం. పైనా ఎడమా గీసినవి ఎక్కడ సాగాలో చెబుతాయి, కుడివైపూ కిందా గీసినవి అక్షరాలు ఎక్కడ కూర్చోవాలో చెబుతాయి. నాలుగు మూలలూ సాగవు కాబట్టి బటన్ ఎంత పొడుగైనా గుండ్రదనం చెడదు.

అక్షరాలు ఎక్కడ కూర్చోవాలన్నది మనకి పెద్ద ప్రశ్న. ఇంగ్లీషు కొలతతో ఎత్తు బిగించిన బటన్‌లో ‘నిర్ధారించు’ అని రాసి చూడండి, గుడి పైన తగులుతుంది, ధ వత్తు కింద తెగుతుంది. మన ఊళ్లలో సైన్‌బోర్డు రాసే పెయింటరు వత్తుకి చోటు వదిలి గీత కొట్టుకుంటాడు. ఆండ్రాయిడ్ చాన్నాళ్లు దీన్ని తిరగేసి చేసింది. తెలుగు, కన్నడం, తమిళం వంటి పొడుగు లిపులకి కుదించిన అక్షరాలు పెట్టి, ఇంగ్లీషు వరసలో ఇరికించింది. 2024లో ఆండ్రాయిడ్ 15 తన కోసం రాసిన యాప్‌లలో నిండు ఎత్తు అక్షరాలనే మామూలు పద్ధతి చేసింది. తర్వాతి ఏడాది 16 వచ్చి, వద్దని తప్పించుకునే దారి కూడా మూసింది. కోడ్‌లో మేం చేయాల్సింది చిన్నదే. ఎత్తు ఇంత అని బిగించకుండా, కనీసం ఇంత అని చెప్పి వదిలేయడం.

అమ్మ ఆరు నెలలకని అమెరికా వచ్చినప్పుడు ఆమె ఫోన్‌లో చూశాను. తెలుగు, పైగా పెద్దక్షరాలు. డబ్బు పంపే బటన్ మీది మాట రెండు వరసలైంది, బటన్ కూడా దాంతోపాటే పెరిగింది, వత్తు తెగలేదు. అమ్మ బొటనవేలు దాని మీద పెట్టి, పైనున్న అంకె ఇంకోసారి చదువుకుంది. ఆండ్రాయిడ్ లెక్కలో 400 మిల్లీసెకన్లు దాటితే అది ‘లాంగ్ ప్రెస్’. ఆ బటన్‌కి ఎవరైనా వేరే లాంగ్ ప్రెస్ పని తగిలించి ఉంటే అమ్మ నొక్కుడు అక్కడే దారి తప్పేది. తగిలించలేదు కాబట్టి బటన్ రంగు ముదిరి అలా ఆగే ఉంది. “ఇదేమిట్రా, సున్నా ఒకటి ఎక్కువ పడ్డట్టుంది” అంటూ వేలిని పక్కకి జార్చింది.