మట్టి లెక్క ఒక్కచోటే ఉండాలి

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అనగానే అందరికీ జొన్నలు, శనగలు, వేరుసెనగ గుర్తొస్తాయి. కోడ్ రాసేవాళ్లకు అక్కడ నేర్చుకోవాల్సిన పాఠం ఇంకొకటి ఉంది. 1983 మార్చిలో ఆ ప్రాంగణంలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. నేల, వాతావరణం, సాగు గురించి కనీసం ఏయే వివరాలు సేకరించాలన్నది దాని చర్చాంశం. అందులో పాలుపంచుకున్న ఐబీస్‌నాట్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు నుంచే, పంట ఎదుగుదలను కంప్యూటర్ మీద లెక్కగట్టే డీఎస్‌ఎస్‌ఏటీ సాఫ్ట్‌వేర్ 1989లో బయటికొచ్చింది.

మొదట్లో అందులోని పంటల ప్రోగ్రాములు దేనికది విడిగా ఉండేవి. తర్వాత వాటిని ఒక్కటిగా మళ్లీ కట్టారు. ఆ మార్పు గురించి 2003లో అచ్చయిన వివరణ నాకు చాలా ఇష్టం. అన్ని పంటలకూ కలిపి నేల మాడ్యూల్ ఒకటే, వాతావరణానికి ఒకటే. శనగకూ వేరుసెనగకూ సోయాకూ నడిచే కోడ్ ఒకటే. తేడాలన్నీ ఆయా పంటల డేటా ఫైళ్లలో ఉంటాయి. అది ఫోర్ట్రాన్ కోడ్. అయినా ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు ప్రాణమైన సూత్రం అందులో ఉంది: ఏ లెక్కయినా ఒక్కచోటే ఉండాలి.

జావాలో రాస్తే నేల ఒక క్లాస్ అవుతుంది. తేమ ఎంతుందో దానికే తెలియాలి. వాన పడిందని చెప్పే మెథడ్ ఒకటి, నీళ్లు తీసుకునే మెథడ్ ఒకటి ఉంటే చాలు. పంట క్లాస్ నేరుగా వెళ్లి తేమ అంకెను మార్చకూడదు. మార్చనిస్తే, లెక్క తప్పిన రోజు తప్పెక్కడుందో వెతకడానికి ప్రోగ్రామంతా తిరగేయాలి.

మన పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్‌లో దీనికి విరుద్ధమైన అలవాటు తరచూ చూస్తుంటాను. కొత్త యూనిట్ మొదలవగానే పాత ఫోల్డర్ కాపీ చేసి పేరు మార్చేస్తారు. ఏడాది తిరిగాక బ్యాచ్ లెక్క ఒకచోట సరిదిద్దితే, మిగతాచోట్ల పాత తప్పు అలాగే నడుస్తుంటుంది. యూనిట్ల మధ్య తేడా అంకెల్లోనే ఉంటే కొత్త క్లాస్ అక్కర్లేదు, కొత్త డేటా చాలు. నడిచే పద్ధతే వేరైనప్పుడు మాత్రమే కొత్త క్లాస్ రాయాలి.

కంది ఐఐటీలోనూ చుట్టుపక్కల కాలేజీల్లోనూ చదువుతున్న పిల్లలకు నాదొక మనవి. కోడ్ నడవగానే పని అయిపోయిందనుకోకండి. ఒక నియమం మారితే ఎన్ని ఫైళ్లు తెరవాలో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువైతే, ఆ రోజే సరిచేయండి.