ముందుమాట: ఎండ పండించే ఇంధనం

ఇంధనం మండితే మనకు శక్తి, ఆకాశానికి కార్బన్ డయాక్సైడ్. ఆ వాయువును ఎండ సాయంతోనే మళ్లీ ఇంధనంగా మార్చవచ్చా? ఈ ప్రశ్న పట్టుకుని ఒక యువ పరిశోధకురాలు తెలుగులో ఇంత చక్కని పుస్తకం రాసినందుకు, ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం బోధించిన నాకు ఎంతో సంతోషంగా ఉంది.

ఈ ఆశ పాతదే. బొలోన్యా ఆచార్యుడు జాకొమో చమిచాన్ 1912లోనే, బొగ్గును వదిలి ఎండతో నడిచే పరిశ్రమలను ఊహించారు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి ప్రసరింపజేసి నీటిని విడగొట్టారు. 1979లో వారి బృందమే నీటిలో కలిపిన అర్ధవాహక పొడులతో కార్బన్ డయాక్సైడ్ నుంచి ఫార్మాల్డిహైడ్, మిథనాల్ రాబట్టింది.

మరి ఇన్నేళ్లయినా మన పొయ్యిదాకా ఎందుకు రాలేదు? రచయిత్రి దాపరికం లేకుండా చెబుతుంది. కాంతి తగలగానే అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగురుతుంది, దాని చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ రెండూ తిరిగి కలిసిపోయేలోపే రసాయన చర్య జరగాలి. ఒక్క మిథనాల్ అణువుకు ఆరు ఎలక్ట్రాన్లు కావాలి, మీథేన్‌కు ఎనిమిది. పైగా టైటానియం డయాక్సైడ్ వాడుకునేది అతినీలలోహిత కాంతినే. ఎండలో దాని వాటా సుమారు 5 శాతం.

పుస్తకానికి ప్రాణం కార్బన్-13 అధ్యాయం. ఉత్ప్రేరకానికి అంటుకున్న సేంద్రియ మలినాలు కూడా కాంతికి విడిపోయి మీథేన్ ఇవ్వగలవు. అప్పుడు గాలిలోని కార్బనే ఇంధనమైందని మురిసిపోతే మనల్ని మనమే మోసగించుకున్నట్టు. అందుకే మామూలు కార్బన్ కన్నా కాస్త బరువైన కార్బన్-13 ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపి, వచ్చిన ఇంధనంలో ఆ కార్బనే ఉందో లేదో చూడాలి. కాంతి లేకుండా ఒకసారి, ఆ వాయువు లేకుండా ఒకసారి ప్రయోగం చేసి సరిచూసుకోవాలి. ఈ జాగ్రత్తలను ఆమె వంటింటి కొలతలంత స్పష్టంగా వివరించింది.

మీథేన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమంగా మార్చే పద్ధతినీ ఆమె వదల్లేదు. మామూలుగా 700 డిగ్రీలు దాటిన వేడి కోరే ఆ పనిని రాగి, రుథీనియం కలిసిన ఉత్ప్రేరకంతో, కాంతితోనే నడిపించిన అమెరికా రైస్ విశ్వవిద్యాలయ ప్రయోగం భవిష్యత్తు మీద నమ్మకం కలిగిస్తుంది.

ఆశనూ పరీక్షనూ ఒకే చేత్తో పట్టుకున్న ఈ రచయిత్రికి నా ఆశీస్సులు. ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులారా, ముందు కార్బన్-13 అధ్యాయం చదవండి. ఆ పరీక్షకు నిలిచిన ఫలితాన్నే లోకానికి చెప్పండి.