రాత్రిబడి పనితనం
పెద్దవాళ్లకు చదువు చెప్పడం పిల్లల బడికంటే కష్టమైన విద్య. పొద్దంతా నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన మనిషికి పలకిచ్చి అఆలు దిద్దమంటే మర్నాడు రాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా సాక్షరతా ఉద్యమంలో పాఠాలు చెప్పిన వాలంటీర్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లకు జీతం లేదు. ఇంటి పనులు తెమిలాక, రాత్రిపూట తరగతి. ముందు మాట్లాడించాలి: కూలి ఎంత, ఇంటికి చేరేదెంత, సారా కొట్టుకు పోయేదెంత? అక్షరం ఆ మాటల్లోంచే రావాలి. వాచకంలో సారాపై పోరాడిన సీతమ్మ కథ వచ్చేసరికి ఆడవాళ్లు తమ ఇళ్ల గోడు చెప్పుకున్నారు. పాఠం ఆగిపోయిందని కంగారుపడకుండా వినడం, నా దృష్టిలో, గురువుకు ఉండాల్సిన అసలు నేర్పు.

ఆ గోడే పోరాటమైంది. అదే జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలకు మహిళలు అడ్డం తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలైంది. దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది, మోగాల్సిందే. ఆ ఊళ్లలో వేలు పట్టి దిద్దించినవాళ్ల పేర్లు కూడా మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.