'తెలియదు' అను మాట - జెన్ బోధకు ఒక తెలుగు వివరణము

సంస్కృతమున 'ధ్యాన' మనబడునదే చీనదేశమున 'ఛాన్' అయి, జపానునకు చేరి 'జెన్' అయినది. ఈ మార్గమునకు ఆద్యుడైన బోధిధర్ముడు దక్షిణదేశ రాజపుత్రుడని చీన సంప్రదాయము. కంచివాడని తరువాతివారి మాట. 547 ప్రాంతపు చీన గ్రంథ మొకటి ఆతనిని పారసీకుడనియే పేర్కొన్నది. కావున ఆతనిని మనవానిగా చేసికొని మురియుటకంటె, ఆతని పేర నిలిచిన యొక మాటను పరిశీలించుట మేలు.

లియాంగ్ వంశపు వూ చక్రవర్తి (502-549) అనేక విహారములు కట్టించినవాడు. తన పుణ్యమెంత అని అడుగగా, ఏమియు లేదని బోధిధర్ముడు బదులు పలికెనట. అట్లైన నా యెదుట నున్నదెవరని రాజు ప్రశ్నింపగా వచ్చిన ఉత్తరము చీన భాషలో రెండే అక్షరములు: 'బు షి'. మొదటిది నిషేధము, రెండవది ఎఱుక. 'నేను' అను పదము అందు లేదు. కథ శతాబ్దముల తరువాతి రచనలలోనిది గనుక చరిత్రగా నిలువదు. ఉత్తరము మాత్రము నిలిచినది.

కర్తృపదము లేక ఆంగ్లవాక్యము నడువదు. ఆంగ్లానువాదములలో 'నేను' చేరుటకు కారణమిదే. దానిని చూచి తెనిగించువారు 'నేనెఱుగను' అందురేని, ఎవరన్న ప్రశ్నకు కరగిపోవలసిన 'నేను' గద్దెనెక్కి కూర్చుండును! 'తెలియదు' అన్నచో ఆ చిక్కు లేదు. క్రియ ప్రథమపురుష, 'నాకు' అను షష్ఠి చేరినను చేరకున్నను వాక్యము పూర్తియగును. ఈ పట్టున తెలుగు ఆంగ్లముకంటె చీనమునకే దగ్గర.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి దీనికి తోడు మఱియొక సౌకర్యము కలదు. ఇంట తెలుగు, చుట్టుప్రక్కల కన్నడము, కార్యాలయమున తమిళము వినువారు వారు. తమిళ 'తెరియాదు' సైతము ప్రథమపురుషయే. కన్నడమున 'తిళి' యనగా తెలియుట, తేరుట రెండును, 'తిళినీరు' తేటనీరు. తెలుగు 'తెలి' కూడ నిర్మలమైనదానినే చెప్పును. వానకాలమున దక్షిణ పినాకిని నీటిని కడవలో పట్టి యుంచినచో, మడ్డి దిగినకొలది నీరు తేరును. చేయి పెట్టి కలచినచో తేరదు. జెన్ సాధకుడు కదలక కూర్చుండుటకు ఇంతకంటె దగ్గర పోలిక వెదకనక్కరలేదు.

ఐతే తెలియమిని పొగడువారు ఒకటి మఱచుచున్నారు. తెలియకుండుటయే అత్యంత సన్నిహితమని గురువు చెప్పగా మేల్కొన్న ఫాయెన్ (885-958) వినయశాస్త్రమును, కన్ఫ్యూషియస్ మతగ్రంథములను చదివి యాత్రకు వెడలినవాడు. విడుచుటకు ఆతనియొద్ద విద్య యుండెను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టముతో తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధమయి, ఇతర మాతృభాషలకు ఐచ్ఛికస్థానము మిగిలినది. రాజ్యభాష నేర్వవలదని ఎవరందురు? కాని తన భాషలో గుణింతము చేతికందని బాలుడు 'తెలియదు' అన్నచో, అది తేరిన నీరు గాదు, నీరే పోయని కడవ. దానిని జెన్ అని మెచ్చుకొనుట క్రౌర్యము.

కేనోపనిషత్తులోను క్రమమిదియే. బాగుగా తెలిసినదని తలపను, తెలియదనియు తలపనను భావము రెండవ ఖండమున వచ్చును. మొదటి ఖండమున గురుబోధ.